చీకటిలో వెలుగును చిత్రించిన రెంబ్రాంట్

మన అధ్యక్షఖండపు శతాబ్ది సంచికకు ఒక వ్యాసం వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. తోటి సేవకులు అనేకులు మన ప్రాంతానికి సువార్త తెచ్చిన మిషనరీలను గురించి, తొలి ఉపదేశకులను గురించి, ఊరూరా కాలినడకన తిరిగిన బైబిలు స్త్రీలను గురించి వ్రాస్తారని నాకు తెలుసు. అది ఎంతో యుక్తం. నేను మాత్రం మూడున్నర శతాబ్దాల క్రితం కన్నుమూసిన ఒక హాలెండు చిత్రకారుని జీవితాన్ని మీ ముందు ఉంచదలచాను. ఆయన మిషనరీ కాడు, బోధకుడు కాడు, భక్తుడని పేరు పొందినవాడు కూడా కాడు. అప్పులపాలైన మనిషి. ఒక స్త్రీకి అన్యాయం చేసిన మనిషి. ఆయన ఇంటిలోని మరొక స్త్రీని అక్కడి సంఘం ప్రభురాత్రి భోజనపు బల్లకు దూరం చేసింది. అయినప్పటికీ క్షమాపణ అంటే ఏమిటో ఆయన కుంచె చూపినంత స్పష్టంగా చూపిన ప్రసంగాలను నేను ఎక్కువగా వినలేదు. నేను చేసిన ప్రసంగాలను కూడా కలుపుకొనే ఈ మాట అంటున్నాను.

మా అంబర్‌పేట మందిరంలో సండేస్కూలు గది గోడకు ఒక పాత పటం వ్రేలాడుతూ ఉంటుంది. తప్పిపోయిన కుమారుడు తండ్రి యెదుట మోకరించి ఉండగా, వృద్ధుడైన ఆ తండ్రి తన రెండు చేతులను అతని వీపు మీద ఉంచిన పటం అది. ఉప్పల్ నుండి, నాచారం నుండి బస్సులలో వచ్చే పిల్లలు ఆ పటం క్రిందనే కూర్చుండి కంఠత వాక్యాలు అప్పగిస్తారు. ఒక ఆదివారం ఒక పిల్లవాడు ఆ బొమ్మ ఎవరు వేశారని నన్ను అడిగాడు. నేను పేరు చెప్పి ఊరుకున్నాను. పేరు చెప్పినంత మాత్రాన అది జవాబు కాదని తరువాత తోచింది. ఈ వ్యాసం ఆ పిల్లవానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

గోలకొండ కాలము – హాలెండు దేశము

రెంబ్రాంట్ మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఆయన పుట్టిన 1606లో మన హైదరాబాదును మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుతున్నాడు. చార్మినారు కట్టి అప్పటికి పదిహేనేండ్లు. హాలెండు వర్తకులు 1602లో తూర్పు దేశాల వ్యాపారానికి ఒక పెద్ద కంపెనీ పెట్టుకొని, 1605లో మన బందరులో వర్తకశాల తెరిచారు. 1606లో గోలకొండ సుల్తాను వారికి ఫర్మానా ఇచ్చాడు. మన పూర్వులు వారిని వలందులు అని పిలిచారు. బందరులో వలందపాలెం అనే పేరు నేటికీ నిలిచి ఉంది. మన తీరపు నూలు బట్టలు, కలంకారీ అద్దకాలు, కొల్లూరు గనుల వజ్రాలు వారికి కావలసిన సరుకులు. మనం నేడు విజయవాడ రోడ్డు అంటున్న దిక్కుననే ఆనాటి ఎడ్లబండ్లు హైదరాబాదు విడిచి తూర్పుగా బందరుకు సాగేవి. ఆ వర్తకాన్ని పుణ్యకార్యమని పొగడనక్కరలేదు. కరువు రోజులలో మన తీరపు పేదలను బానిసలుగా కొని ఓడలకెక్కించిన చరిత్ర కూడా ఆ కంపెనీకి ఉంది.

ఆ డబ్బు వెళ్ళి చేరిన దేశం చాలా చిన్నది. సముద్రానికి అడ్డుకట్టలు వేసి నేల సంపాదించుకున్న దేశం. స్పెయిను రాజుపై తిరుగబడి 1568 నుండి 1648 వరకు ఎనభై ఏండ్లు పోరాడిన దేశం. అక్కడి జనులలో అనేకులు కాల్విను బోధను అంగీకరించి సంస్కరణ సంఘంలో చేరారు. 1566లో గుంపులు గుంపులుగా జనం మందిరాలలో చొరబడి ప్రతిమలను పగులగొట్టి, పటాలను చించివేశారు. పిమ్మట ఆ మందిరాల గోడలకు తెల్లని సున్నం వేశారు. వాక్యం వినడానికి వచ్చినవారి కన్ను మరొక దాని మీద పడకూడదన్నది వారి ఉద్దేశం.

అంతవరకు చిత్రకారులకు అన్నం పెట్టింది మందిరమే. ఆ పని పోయింది. అయితే హాలెండులో చిత్రకళ అంతటితో చావలేదు, మందిరం విడిచి ఇండ్లకు వచ్చింది. గొప్ప వర్తకులే కాక రొట్టెలు కాల్చి అమ్మేవారు, నేతపనివారు సైతం పటాలు కొని గోడలకు తగిలించుకున్నారు. కొనేవారి ఇష్టాన్ని బట్టి చిత్రాలు కూడా మారాయి. హార్లెం ఊరిలో ఫ్రాన్స్ హాల్స్ నవ్వే ముఖాలను వేశాడు. రాయిస్‌డాల్ మబ్బులను, పొలాలను వేశాడు. డెల్ఫ్ట్ ఊరిలో వెర్మీర్ ఒక పనిమనిషి గిన్నెలోకి పాలు వంపుతూ ఉండగా, కిటికీ నుండి పడే వెలుగుతో సహా ఆమెను చిత్రించాడు. చేపలు, పండ్లు, గాజు పాత్రలు కూడా పటానికి తగిన వస్తువులయ్యాయి. రాజులను, దేవదూతలను మాత్రమే వేయాలన్న నియమం పోయి, ఇల్లు ఊడ్చే దాసి కూడా చూడదగినదే అన్న ఎరుక కలిగింది. 1637లో డచ్చి భాషలో బైబిలు కొత్త అనువాదం వెలువడి ఇంటింటికి చేరింది. కాబట్టి రెంబ్రాంట్ వేసిన బైబిలు చిత్రాలు చాలవరకు బలిపీఠం మీద నిలుపుకొనేవి కావు. అవి ఇంటిలో, భోజనపు బల్లకు దగ్గరగా, కుటుంబమంతా చూచేవి. ఈ సంగతి మనస్సులో ఉంచుకుంటే ఆయనను అర్థం చేసుకోవడం సులభం.

పిండిమర యజమాని కుమారుడు

రెంబ్రాంట్ 1606 జూలై 15న లైడెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి హార్మెన్‌కు రైన్ నది ప్రక్కన గాలిమర ఉండేది. ఆ నది పేరే ఇంటిపేరుగా మారి వాన్ రైన్ అయింది. తల్లి నీల్త్యె రొట్టెలు కాల్చేవారి ఇంటి ఆడపడుచు. తండ్రి సంస్కరణ సంఘస్థుడు, తల్లి బంధువులలో రోమను కతోలికులు ఉన్నారు. తొమ్మిదవ సంతానమైన ఈ కుమారుణ్ణి తలిదండ్రులు లాటిను పాఠశాలలో చదివించారు. పదమూడేండ్ల వయస్సులో, 1620లో, లైడెన్ విశ్వవిద్యాలయంలో అతని పేరు నమోదయింది. కాని చదువు మీద మనస్సు నిలువలేదు. స్వానెన్‌బుర్గ్ అనే చిత్రకారుని వద్ద మూడేండ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ లాస్ట్‌మాన్ వద్ద ఆరు నెలలు శిష్యరికం చేశాడు. బైబిలు కథలో ఏ గడియను ఎన్నుకొని వేయాలో ఆయనకు నేర్పినవాడు లాస్ట్‌మానే.

తేదీ వేసి ఉన్న ఆయన తొలి చిత్రం 1625 నాటిది, స్తెఫనును రాళ్ళతో కొట్టిన దృశ్యం. ఆ గుంపులో ఒక ముఖం పంతొమ్మిదేండ్ల రెంబ్రాంట్‌దే. కొన్ని సంవత్సరాల తరువాత రాజకుమారుడు ఫ్రెడెరిక్ హెండ్రిక్ కోసం ప్రభువు శ్రమలను వరుస చిత్రాలుగా వేశాడు. వాటిలో సిలువను నిలువెత్తుతున్న చిత్రం ఒకటి. అందులో మన ప్రభువు సిలువను రెండు చేతులతో పట్టి పైకి లేపుతున్నవారిలో టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఉన్నాడు. వాడు రోమా సైనికుడు కాదు. పదిహేడవ శతాబ్దపు డచ్చి దుస్తులు ధరించిన ఆ మనిషి రెంబ్రాంటే. సిలువ వేసినవారిని వేలెత్తి చూపడం తేలిక. తన చేతులను ఆ మ్రానుకు ఆనించి చూపడానికి ధైర్యం కావాలి.

వెలుగు, నీడ

ఆయన పేరు చెప్పగానే కళ తెలిసినవారు వెలుగునీడలను తలచుకుంటారు. మా చిన్నతనంలో ఊరిలో గృహ కూడికలు జరిగేటప్పుడు మధ్యలో ఒక పెట్రోమాక్స్ దీపం పెట్టేవారు. దీపానికి దగ్గరగా కూర్చున్న ముసలమ్మ ముఖం మీద ప్రతి ముడత కనిపించేది. గోడ వారగా నిలబడినవారి కళ్ళు మాత్రమే మెరిసేవి. గుమ్మం బయట ఉన్నవారు ఉన్నారని తెలిసేది గాని ఎవరో తెలిసేది కాదు. రెంబ్రాంట్ చిత్రాలన్నీ అటువంటి కూడికలే. ఎవరి మీద వెలుగు పడాలో, ఎవరు చీకటిలో నిలవాలో ఆయన నిర్ణయిస్తాడు. ఆ వెలుగు తరచుగా రాజు మీద కాక రోగి మీద, ముసలివాని మీద, ఏడ్చే స్త్రీ మీద పడుతుంది.

రంగుల చిత్రాలే కాక రాగిరేకుల మీద గీసిన చిత్రాలు సుమారు మూడు వందలు ఆయనవి ఉన్నాయి. నునుపైన రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆ రేకును ఆమ్లంలో ముంచుతారు. సూది గీసినచోట ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాడులలో సిరా నింపి, కాగితం మీద ఒత్తి తీస్తే బొమ్మ వస్తుంది. ఒక్క రేకు నుండి అనేక ప్రతులు తీయవచ్చును గనుక ఇవి సామాన్యుల చేతికి కూడా అందాయి. మత్తయి సువార్త 19వ అధ్యాయాన్ని అంతా ఒకే రేకు మీదకు తెచ్చిన ఆయన చిత్రం లోకప్రసిద్ధం. రోగులు, పసిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు, వాదించే పరిసయ్యులు, తల పట్టుకొని ఆలోచిస్తున్న ధనవంతుడైన యౌవనుడు అందరూ అందులో ఉన్నారు. ఒక ప్రతికి నూరు గిల్డర్ల వెల పలికిందన్న వాడుకతో దానికి ఆ పేరే స్థిరపడింది.

ఐశ్వర్యము – మరణములు

ఆయన 1631–32 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌కు కాపురం మార్చాడు. 1632లో డాక్టర్ టుల్ప్ శవాన్ని కోసి శరీరశాస్త్రం బోధిస్తున్న దృశ్యాన్ని వేసి ఒక్కసారిగా పేరు సంపాదించాడు. 1634లో లేవార్డెన్ నగరపు మాజీ మేయరు కుమార్తె సాస్కియాను వివాహమాడాడు. ఆమె తెచ్చిన ఆస్తి, ఆయన గడించిన ధనం కలిసి ఇల్లు కలకలలాడింది. ఆ రోజులలోనే, 1635 ప్రాంతంలో, ఆయన ఒక చిత్రం వేశాడు. ఖరీదైన బట్టలు ధరించి, నడుముకు కత్తి కట్టి, పొడవైన గాజు పాత్ర పైకెత్తి పెద్దగా నవ్వుతున్న యువకుడు ఆయనే. ఒడిలో కూర్చున్నది సాస్కియా. దూరదేశంలో ఆస్తి పాడుచేసుకుంటున్న తప్పిపోయిన కుమారుడే ఆ చిత్రంలోని యువకుడని పండితులు చెబుతారు.

1639లో పదమూడు వేల గిల్డర్లకు ఒక పెద్ద ఇల్లు బేరమాడాడు. అంత సొమ్ము చేతిలో లేకున్నా, కొంత ఇచ్చి మిగిలినది వాయిదాలలో తీరుస్తానని ఒప్పుకున్నాడు. ఆ వాయిదాలే తరువాత ఆయన మెడకు ఉరి అయ్యాయి. ఆ పేట యూదులు నివసించే పేట. ఇతర దేశాలలో హింసలకు తాళలేక పారిపోయి వచ్చినవారు అక్కడ కాపురముండేవారు. రెంబ్రాంట్ వారి ముఖాలను దగ్గరగా చూచి వేశాడు. ప్రభువు ముఖాన్ని వేయవలసి వచ్చినప్పుడు కూడా ఇరుగుపొరుగు యూదా యువకుల ముఖాలనే చూచాడు. యేసు యూదుడు గనుక యూదుని వలెనే ఉండాలన్న సామాన్యమైన సత్యం ఆ రోజులలో అంత సామాన్యం కాదు.

ఆ ఇంటిలో ఊయల ఊగిన కొలది ఖాళీ అయింది. 1635లో పుట్టిన కుమారుడు, 1638లో పుట్టిన కుమార్తె, 1640లో పుట్టిన మరొక కుమార్తె ముగ్గురూ పసికందులుగానే పోయారు. 1641లో పుట్టిన టైటస్ మాత్రం నిలిచాడు. మన బైబిలులో తీతు అన్న పేరు అదే. బిడ్డకు ఏడాది నిండకముందే, 1642 జూన్‌లో, సాస్కియా ఇరవైతొమ్మిదేండ్లకు మరణించింది. నగరపు కావలి దళం వారి ప్రసిద్ధ చిత్రాన్ని ఆయన ముగించినది ఆ సంవత్సరమే. వార్నిషు నల్లబడినందున దానిని రాత్రి దృశ్యమనుకొని జనం రాత్రి కావలి అన్నారు. నిజానికి అది పగటి వేళ. అది నచ్చక డబ్బిచ్చినవారు ఆయనను త్రోసిపుచ్చారనే కథ పుస్తకాలలో తిరుగుతూ ఉంటుంది గాని దానికి ఆధారం లేదు. ఆయన పతనానికి కారణం ఆ చిత్రం కాదు.

ఇద్దరు స్త్రీలు

ఇక్కడ జీవితచరిత్రకారులు కొందరు గబగబా పేజీ త్రిప్పుతారు. మనం త్రిప్పకూడదు.

తల్లిలేని టైటస్‌ను పెంచడానికి గీర్త్యె డిర్క్స్ అనే విధవరాలు ఆ ఇంట చేరింది. కొంతకాలానికి ఆమెకు, రెంబ్రాంట్‌కు సంబంధం ఏర్పడింది. సాస్కియా నగలు కొన్ని ఆమె చేతికి వచ్చాయి. తరువాత హెండ్రిక్యె స్టోఫెల్స్ అనే ఇరవై ఏండ్లు దాటిన యువతి పనికి కుదిరింది, గీర్త్యెకు ఆ ఇంట చోటు లేకపోయింది. పెండ్లి చేసుకుంటానని మాట ఇచ్చి తప్పాడని గీర్త్యె 1649లో ఫిర్యాదు చేసింది. ఏటా రెండు వందల గిల్డర్లు ఇవ్వాలని తీర్పయింది. ఆమె నగలు తాకట్టు పెట్టిందన్న కోపంతో రెంబ్రాంట్ మరుసటి ఏడు ఆమె బంధువులను, పొరుగువారిని కూడగట్టి, నడవడి సరిలేదని సాక్ష్యాలు పుట్టించి, గౌడా పట్టణంలో స్త్రీలను బంధించి పని చేయించే గృహానికి పంపించాడు. ఆమె అక్కడ ఐదేండ్లు మగ్గింది. స్నేహితురాండ్రు విడిపించబోతే ఆయన అడ్డుపడ్డాడు. కరుణను అంత లోతుగా చిత్రించిన చేతులే ఈ పని కూడా చేశాయి. దీనిని దాచిపెట్టి ఆయన గొప్పతనాన్ని చెప్పడం నాకు సాధ్యం కాదు.

హెండ్రిక్యె ఆయనతోనే నిలిచిపోయింది. మళ్ళీ పెండ్లి చేసుకుంటే సాస్కియా మరణశాసనం ప్రకారం ఆమె ఆస్తిపై ఆయనకున్న అనుభవహక్కు పోతుంది. పెండ్లి జరగలేదు. 1654లో ఆమె గర్భవతి అయింది. సంస్కరణ సంఘపు పెద్దలు ఆమెకు పలుమార్లు కబురు పంపారు. చివరికి ఆమె ఒంటరిగా వెళ్ళి వారి ముందు నిలిచి, వివాహం లేకుండా కాపురం చేస్తున్న మాట నిజమని ఒప్పుకుంది. పెద్దలు ఆమెను గద్దించి, ప్రభువు బల్లలో పాలు లేకుండా చేశారు. రెంబ్రాంట్‌ను ఏమీ చేయలేదు. ఆయన ఆ సంఘంలో బల్లకు వచ్చే సభ్యుడు కాడు గనుక వారి క్రమశిక్షణ ఆయనను అంటలేదు. ఇద్దరి పాపానికి శిక్ష మాత్రం ఒక్కరిదయింది. అదే సంవత్సరం అక్టోబరులో పుట్టిన పాపకు కొర్నేలియా అని పేరు పెట్టి బాప్తిస్మం ఇప్పించారు. చనిపోయిన ఇద్దరు బిడ్డలకు పెట్టిన పేరే అది.

ఆ ఏడే ఆయన బత్షెబను వేశాడు. రాజు పంపిన ఉత్తరం ఆమె చేతిలో ఉంది. కాళ్ళు కడుగుతున్న దాసిని ఆమె చూడడం లేదు, ఎక్కడికో చూస్తూ ఆలోచిస్తోంది. దావీదు ఆ చిత్రంలో లేడు. తప్పు చేసిన రాజు కనబడకుండా, దాని బరువు మోయబోయే స్త్రీ ఒక్కతే వెలుగులో కూర్చుని ఉంది. ఆ ముఖం హెండ్రిక్యెదే అని అనేకుల అభిప్రాయం.

దివాలా – అబ్రాహాము బల్ల

ఇంటి వాయిదాలు చెల్లించకపోవడం, చేతికి ఎముక లేకుండా వేలంపాటలలో కళాఖండాలు కొనడం, దేశంలో వ్యాపారం మందగించడం అన్నీ కలిసి 1656లో ఆయన దివాలా తీశాడు. జూలైలో అధికారులు గదిగదికి తిరిగి వస్తువులు వ్రాసుకున్నారు. ఆ జాబితాలో 363 పద్దులు ఉన్నాయి. పటాలు, శిలావిగ్రహాలు, ఆయుధాలు, సముద్రపు గవ్వలు, తూర్పు దేశాల వస్తువులు, ఒక పాత బైబిలు వాటిలో ఉన్నాయి. సన్నని పనితనం గల చిన్న చిత్రాల పుస్తకం కూడా ఒకటి ఉంది.

మన దేశానికి సంబంధించిన విశేషం ఇక్కడే వస్తుంది. హాలెండు ఓడల మీద మొగలు చిత్రకారుల చిన్నచిన్న చిత్రాలు ఆమ్‌స్టర్‌డామ్ చేరేవి. రెంబ్రాంట్ వాటిని ముందు పెట్టుకొని, విలువైన జపాను కాగితం మీద తన చేతితో తిరిగి గీశాడు. అటువంటివి ఇరవైమూడు నేటికి మిగిలి ఉన్నాయి. అక్బరు, జహంగీరు, షాజహాను వాటిలో ఉన్నారు. యూరపు చిత్రకళకు శిఖరమని లోకం కొనియాడే మనిషి, యాభై ఏండ్ల వయస్సులో, మన దేశపు పేరు తెలియని చిత్రకారుల ముందు శిష్యుని వలె కూర్చున్నాడు. ఆయన మరణానంతరం గోలకొండలో గీసిన నవాబుల, సుల్తానుల చిత్రాల సంపుటం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ మేయరు విట్సెన్ చేతికి చేరింది. అది నేడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది.

ఆయన గీసిన వాటిలో చెట్టు క్రింద నేలమీద కూర్చున్న నలుగురు వృద్ధ మౌల్వీల బొమ్మ ఒకటి. దివాలా తీసిన ఆ 1656లోనే అబ్రాహాము దేవదూతలకు ఆతిథ్యమిచ్చిన ఘట్టాన్ని ఆయన రాగిరేకు మీద చెక్కాడు. యూరపు చిత్రకారులు ఆ అతిథులను బల్ల చుట్టూ, కుర్చీల మీద కూర్చుండబెట్టడం అలవాటు. రెంబ్రాంట్ మొగలు చిత్రంలో చూచిన రీతిగా వారిని నేలమీదనే, మధ్యలో పళ్ళెం పెట్టి, మనం చాప పరచి భోంచేసినట్లు కూర్చుండబెట్టాడు. అబ్రాహాము కూజా పట్టుకొని వంగి నిలబడ్డాడు. తలుపు చాటున శారా వింటోంది. బాలుడైన ఇష్మాయేలు విల్లు పట్టుకొని అటు తిరిగి ఉన్నాడు. ఆ పిల్లవాడు త్వరలో ఆ ఇంటి నుండి పంపివేయబడవలసినవాడు. ఆదికాండము 18వ అధ్యాయంలో అతని ప్రస్తావన లేదు, రెంబ్రాంటే అతనికి ఆ చిత్రంలో చోటిచ్చాడు. ఇంటి సామాను వేలానికి వ్రాయబడుతున్న సంవత్సరంలో, ఇంటి స్త్రీ ప్రభువు బల్లకు దూరమైన రెండేండ్లకు, ఆయన ఇటువంటి భోజనాన్ని గీశాడు.

చివరి దినములు

1658లో ఇల్లు 11,218 గిల్డర్లకు అమ్ముడుపోయింది. సంసారం రోజెన్‌గ్రాక్ట్ అనే వీధిలో అద్దె ఇంటికి మారింది. అప్పులవాళ్ళు ఆయన సంపాదనను ఎత్తుకుపోకుండా హెండ్రిక్యె, టైటస్ కలిసి 1660లో ఒక చిన్న వ్యాపారం పెట్టి, రెంబ్రాంట్‌ను అందులో పనివానిగా చేర్చుకున్నారు. సంఘం బల్లకు దూరం చేసిన స్త్రీ ఆ ఇంటికి అన్నం పెట్టింది. 1662లో బట్టల నాణ్యం చూచే వర్తక సంఘాధికారులను ఆయన చిత్రించిన పటం చూస్తే ముసలితనంలో ఆయన చేయి ఎంత గట్టిదో తెలుస్తుంది. అంతకు ముందటి ఏడు తననే అపొస్తలుడైన పౌలుగా చిత్రించుకున్నాడు. తన ముఖాన్ని తాను జీవితమంతా సుమారు ఎనభై సార్లు వేశాడు. యౌవనంలో గర్వం, నడివయస్సులో దర్జా, ముసలితనంలో సడలిన చెంపలు, అలసిన కళ్ళు, దేనినీ కప్పిపుచ్చలేదు.

1663లో తెగులు వచ్చి హెండ్రిక్యెను తీసుకుపోయింది. 1668లో పెండ్లయిన కొన్ని నెలలకే టైటస్ మరణించాడు. మరుసటి మార్చిలో టైటస్ బిడ్డ టిటియా తండ్రిలేనిదిగా పుట్టింది. రెంబ్రాంట్ 1669 అక్టోబరు 4న కన్నుమూశాడు. వెస్టర్‌కెర్క్ మందిరంలో, పేరు చెక్కని అద్దె సమాధిలో, ఆయనను పాతిపెట్టారు. ఆయన పనిగదిలో ఒక చిత్రం ముగింపు లేకుండా మిగిలింది. వృద్ధుడైన సుమెయోను, చూపు మందగించిన కళ్ళతో, బాలయేసును చేతులలో పట్టుకున్న చిత్రం అది.

మా సండేస్కూలు గదిలోని పటానికి మూలమైన చిత్రం ఆ చివరి సంవత్సరాలదే. రష్యా రాణి కేథరిను 1766లో కొన్నది. నేడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఉంది. ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. కుమారుని తల గొరిగి ఉంది. బట్టలు చినిగిపోయాయి. ఒక చెప్పు జారిపోగా అరిగిన అరికాలు మన వైపే కనిపిస్తుంది. తండ్రి అతని ముఖం చూడడం లేదు. ఆయన కళ్ళకు చూపు ఆనుతున్నట్లు లేదు, చేతులతోనే గుర్తు పట్టాడు. కుడి వైపున పెద్ద కుమారుడు కర్ర పట్టుకొని, చేతులు కట్టుకొని, నిటారుగా నిలబడి చూస్తున్నాడు. అతని ముఖం మీద కూడా అదే వెలుగు పడింది. గాజు పాత్ర ఎత్తి నవ్విన యువకుని నుండి ఈ మోకాళ్ళ మీది మనిషి వరకు ముప్పై ఏండ్లకు పైగా పట్టింది.

మన మాట

నేను వేదాంత కళాశాల నుండి వచ్చిన క్రొత్తలో ఒక గ్రామ సంఘంలో పనిచేశాను. అక్కడ ఒక స్త్రీ వివాహం లేకుండా ఒకనితో కాపురముంటున్నదని కమిటీవారు నా దృష్టికి తెచ్చారు. నియమం ప్రకారమే ఆమెను పిలిపించాను. ఆమె ఒంటరిగా వచ్చింది, తల వంచుకొని ఒప్పుకుంది. ఆమెకు బల్ల ఇవ్వనని చెప్పాను. ఆమెతో ఉన్న మనిషి పేరు మా రిజిస్టరులో లేదు గనుక అతనిని ఎవరూ పిలువలేదు, నేనూ పిలువలేదు. ఆమె మళ్ళీ మందిరానికి రాలేదు. నేను ఆమె గుడిసెకు వెళ్ళడానికి రెండేండ్లు పట్టింది. అప్పటికి ఆమె పని వెదుక్కుంటూ పట్నం పోయిందన్నారు. ఈ ఉప్పల్, నాచారం కార్ఖానాల మధ్యనే ఎక్కడో ఉన్నదేమో. హెండ్రిక్యె కథ మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంఘానికి క్రమశిక్షణ అక్కరలేదని నేను అనడం లేదు. గీర్త్యెకు జరిగిన అన్యాయాన్ని రెంబ్రాంట్ యెదుట నిలిచి అడిగే పెద్దలు ఆనాడు ఉండవలసింది. లేకపోవడమే ఆ సంఘపు లోపం. బలహీనులను పిలిపించి, బలవంతులను పిలువకపోవడం క్రమశిక్షణ కాదు. పిలిపించినవారి వెంట మనం నడిచి వెళ్ళకపోవడం అంతకంటె పెద్ద లోపం.

ఈ శతాబ్ది సంవత్సరంలో మనం మందిరాలకు రంగులు వేస్తున్నాము, శిలాఫలకాలు నిలుపుతున్నాము. మంచిదే. ప్రతి సంఘంలోనూ పాత సభ్యత్వపు రిజిస్టరు ఒకటి బీరువాలో ఉంటుంది. దానిని తీసి, ఎర్ర సిరాతో కొట్టివేసిన పేర్లను ఒక్కసారి చదవమని సంఘ కాపరులను, పెద్దలను, స్త్రీల మైత్రి సభ్యురాండ్రను వేడుకుంటున్నాను. వారిలో బ్రతికి ఉన్నవారు ఎవరో, ఏ వీధిలో ఉన్నారో కనుక్కుందాము. వారి పిల్లలు మన సండేస్కూలు గదులలోనే ఆ పటం క్రింద కూర్చుని ఉండవచ్చును. మన పెద్ద కుమారుల ముఖాల మీద కూడా వెలుగు పడుతూనే ఉంది. ఆ వెలుగులో రెండడుగులు ముందుకు వేయడమే మిగిలింది.